కుట్టు దగ్గర కారుతోంది

జూన్ 11, బుధవారం

మామయ్యకి,

నీ మేనల్లుడు నమస్కారాలతో రాసేది. ఉభయకుశలోపరి. దాని అర్థం ఏంటో నాకు ఇప్పటికీ తెలీదు, కానీ నువ్వు అమ్మకి రాసే ప్రతి ఉత్తరంలో మొదట అదే ఉండేది కాబట్టి నేనూ రాశా. అక్క బాగుంది. బావ బాగున్నాడు, కాస్త ఎక్కువే బాగున్నాడు. అత్త మోకాలు ఎలా ఉంది? నా సంగతి కింద రాస్తా.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏంట్రా అనుకుంటావు. ఫోన్ చేస్తే నేను అరవాలి. నేను అరిస్తే ఈ మూడంతస్తుల వాళ్ళూ వింటారు, నీకు మాత్రం వినపడదు. పోయినసారి ఆర్డర్లు వస్తున్నాయి మామయ్యా అంటే, ఏ ఆడాళ్ళు వస్తున్నార్రా అన్నావు. ఆడాళ్ళు కాదు మామయ్యా అని ఇంకా గట్టిగా అరిచా. పై అంతస్తు ముసలమ్మ ఆ రోజు నుంచి నన్ను అదోలా చూస్తోంది. ఇప్పుడు చెప్పాల్సింది అలా అరిచి చెప్పేది కాదు.

నువ్వు పంపిన రెండు బస్తాల పాత గొడుగులు బాగా పనికొచ్చాయి. ఊచలన్నీ ఊడదీసి, గుడ్డ ఉతికి, మేడ మీద ఆరేసి, ముక్కలు కోసి అక్కకి ఇస్తే మిషన్ మీద సంచులు కుట్టింది. ఒక్కోటి ఒక్కో రంగు. గొడుగు మూసి కట్టేస్తాం చూడు, ఆ పట్టీ, ఆ గుండీ అలాగే ఉంచాం, సంచి మూతికి అదే గుండీ. చూసినవాళ్ళంతా దానికే ముచ్చటపడ్డారు. ఫోటోలు తీసి నెట్‌లో ఒక పేజీ పెట్టా. బట్టల కొట్లో మూడు నెలలు, కొరియర్ ఆఫీసులో రెండు నెలలు, ఎక్కడా కాలు నిలవడని నువ్వు పాదరసం అని పేరు పెట్టిన నేను ఈ ఆరు వారాలు కదలకుండా కూర్చున్నానంటే నువ్వే నమ్మవు. ముప్పై నాలుగు సంచులు అమ్ముడుపోయాయి. ఎక్కడెక్కడి ఊళ్ళకో. మొదటి పది పోయిన రోజు బావ ఏమన్నాడో తెలుసా, అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడంట, మనోడికి ఆ గొడుగే ఐశ్వర్యం అయి కూర్చుంది అన్నాడు. అక్క మిషన్ ఆపి మరీ నవ్వింది.

ఒక మాట నీకు చెప్పలేదు. పేజీకి గొడుగు మామ సంచులు అని పేరు పెట్టా. మీ బజారులో అందరూ నిన్ను పిలిచే పేరే కదా, నాకు వేరే ఏదీ తట్టలేదు. పోయినసారి వచ్చినప్పుడు నువ్వు సూదిలో దారం ఎక్కిస్తుంటే ఫోటో తీశా, ముఖం రాలేదు, చేతులే వచ్చాయి. ఆ ఫోటో పైన పెట్టి కింద ఇలా రాశా: ముప్పై ఏళ్ళు గొడుగులు బాగుచేసిన చేతుల పనితనం, ఎంత వానైనా లోపల చుక్క పడదు. జనం సంచి చూసి కొన్నారో నీ చేతులు చూసి కొన్నారో నాకు తెలీదు మామయ్యా. చాలామంది మెసేజ్‌లో మామగారు బాగున్నారా అని అడుగుతారు. బాగున్నారండీ అంటా.

పోయిన శుక్రవారం ఒక పంతులమ్మ నుంచి మెసేజ్ వచ్చింది. బాబూ, సంచి చాలా బాగుంది, వాన పడేదాకా, అని. అంతే. కింద ఒక ఫోటో. పిల్లల పరీక్ష పేపర్లు, అంచులన్నీ ముద్దయిపోయి, మార్కులేసిన ఎర్ర సిరా పేజీ అంతా పాకిపోయి. ఏ పిల్లాడికి ఎన్ని వచ్చాయో ఆవిడకే తెలీనట్టుంది. ఆవిడ తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది, నేనూ రెండు మాటలు అనేవాణ్ణి.

మెసేజ్ అక్కకి చూపించా. ఇంట్లో మిగిలిన సంచి ఒకటి తెచ్చి నీళ్ళు పోసి కిటికీ ఊచకి వేలాడదీశాం. గుడ్డలోంచి ఒక్క చుక్క రాలేదు. కుట్టు దగ్గర కారుతోంది. అడుగున కుట్టు పొడుగునా వరసగా చుక్కలు. సూది దిగిన ప్రతి చోటా ఒక కన్నం. అక్క చాలాసేపు చూసింది. చూసి, మామయ్య దారానికి మైనం రాసేవాడు కదరా అంది.

నిజమే. గొడుగు కుట్టే ముందు దారాన్ని ఆ నల్లటి మైనం ముద్ద మీద రెండుసార్లు లాగేవాడివి. కుట్టాక బొటనవేలితో మళ్ళీ రుద్దేవాడివి. దారం చిక్కు పడకుండా అనుకున్నా ఇన్నాళ్ళూ. మిషన్ దారానికి చిక్కెక్కడిది, మైనం ఎందుకు దండగ అని వదిలేశా. అది కన్నం పూడ్చడానికని నాకేం తెలుసు. అమ్మ మీద ఒట్టు మామయ్యా, ఆ పంతులమ్మ చెప్పేదాకా నాకు తెలీదు.

ఇప్పుడు గొడవ ఏంటంటే, మిగతా ముప్పై మూడు మందికి ఇంకా వాన తగల్లేదు. మేం చెప్పాలా, వానే చెప్తుందా?

అక్క చెప్పెయ్ అంటోంది. బావ ఊరుకో అంటున్నాడు. సగం మంది దాన్ని కూరగాయలకే వాడతారంట, తడిసినా మూతి సరిగ్గా మూయలేదేమో అని తమనే తిట్టుకుంటారంట. ఒరేయ్, నువ్వే వెళ్ళి తలుపు కొట్టి నా సంచి కారుతుందండీ అని చెప్తావా, దొంగ వచ్చి తాళం సరిగ్గా వేసుకోండి అన్నట్టు ఉంటుంది అన్నాడు. అక్క అన్నం పళ్ళెం ఆయన ముందు కాస్త గట్టిగానే పెట్టింది. పేజీ మీద ఉన్నది నీ పేరు కాదు, మా మామయ్య పేరు అంది. బావ తల వంచి అన్నం కలుపుకున్నాడు. నేనూ కలుపుకున్నా.

నువ్వు మబ్బు పడితే చాలు, పెట్టె తెరిచి పనిముట్లు సర్దుకుంటూ ఈల వేసేవాడివి. నేను మబ్బు కనపడితే చాలు, ఫోన్ తీస్తున్నా. ఫోన్‌లో ముప్పై మూడు ఊళ్ళ వాతావరణం చూస్తున్నా. లేవగానే అదే, ముద్ద నోట్లో పెట్టుకుంటూ అదే. ఈ ఊళ్ళో ఎండ, హమ్మయ్య. ఆ ఊళ్ళో రేపు సాయంత్రం చినుకులు, అక్కడ ఎవరు కొన్నారు? నర్సమ్మ, నీలం సంచి. బిడ్డ బట్టలు పెట్టుకుని డ్యూటీకి వెళ్తానని రాసింది. కాలు కాలిన పిల్లిలా వరండాలో తిరుగుతున్నా. లోకంలో వాన వద్దు దేవుడా అనుకునే గొడుగులోడి మేనల్లుణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటా.

ఇక్కడిదాకా పొద్దున రాశా. మధ్యలో ఇంకో ఆర్డర్ వచ్చింది. ఒకటి కాదు, పన్నెండు. ఏదో ఆఫీసు వాళ్ళంట, అందరికీ ఒకే రకం కావాలంట, వచ్చే వారంలోగా. ఒకే ఒక ప్రశ్న అడిగారు, వానకి ఆగుతాయా అని. ఇంకా జవాబు ఇవ్వలేదు. ఆగుతాయి అని మూడుసార్లు టైపు చేసి మూడుసార్లు తుడిపేశా.

ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు. నీ పేరు కాబట్టి నువ్వు చెప్పిందే చేస్తా. తిట్టాలనుంటే తిట్టు, ఉత్తరంలోనే తిట్టు, ఫోన్‌లో వద్దు. ఆ మైనం ఎక్కడ దొరుకుతుందో, వేడి చేసి రాయాలా అలాగే రుద్దాలా, అది కూడా రాయి. కుట్టేసిన సంచికి ఇప్పుడు రాసినా పనిచేస్తుందా?

అత్తకి నా నమస్కారాలు చెప్పు. మోకాలికి కట్టు ఊడదీయొద్దను.

ఇట్లు,
నువ్వు పెట్టిన పేరు ఎక్కడికీ పోని
నీ పాదరసం

తా.క. గురువారం, మధ్యాహ్నం. కవరు అంటించాక మళ్ళీ చింపా.

పైన ఒట్టు వేశా కదా. అది అబద్ధం. అమ్మ మీద వేసింది, అది ఇంకా తప్పు.

నాకు మొదటి రోజే తెలుసు మామయ్యా. నువ్వు గొడుగు ఇచ్చే ముందు తిరగేసి చెంబెడు నీళ్ళు పోసి చూసేవాడివి కదా, ఆ అలవాటుతో మొదటి సంచి అక్క చేతిలోంచి రాగానే పెరటి కుళాయి కింద పెట్టా. అక్క బజారుకి వెళ్ళింది. కాసేపు ఏం లేదు, తర్వాత కుట్టు వెంట చుక్కలు మొదలయ్యాయి. చూశా. నా చొక్కాతో తుడిచా. తుడిచి, మళ్ళీ చుక్క పట్టేలోపు ఫోటో తీశా. పేజీలో అందరికీ నచ్చిన ఫోటో అదే. ఎవడు తడుస్తాడులే ఇప్పుడు, ఎండాకాలం అనుకున్నా. మొదటిసారి ఒక పని నాదైంది, ఆగిపోతుందేమో అని భయమేసింది. శుక్రవారం కిటికీకి సంచి వేలాడదీసినప్పుడు అక్క పక్కన నేనూ ఆశ్చర్యపోయినట్టు నిలబడ్డా.

నిన్న నిన్ను ఏం చెయ్యమంటావు అని అడిగా. నాకు తెలిసిన జవాబు నీ చేత చెప్పించుకుని, బరువు నీ మీద వెయ్యాలని.

అందుకే నీ జవాబు కోసం ఆగలేదు. పొద్దున అక్కకి చెప్పా. వినగానే లోపలికి వెళ్ళి మిషన్ మీద గుడ్డ కప్పేసింది. తర్వాత పేజీలోంచి నీ చేతుల ఫోటో, నీ పేరు తీసేశా. తీసేస్తే దుకాణానికి పేరే లేకుండా పోయింది. నా పేరు పెట్టా. అసలు పేరు. ఆఫీసు వాళ్ళకి ఆగవండీ అని రాశా. పంతులమ్మకి, ఆ ముప్పై మూడు మందికీ ఒకే మాట పంపా: సంచి కుట్టు దగ్గర కారుతుంది, తెలిసే అమ్మాను, వెనక్కి పంపితే ఖర్చు నాదే.

ఇప్పటికి పదకొండు మంది చదివినట్టు చూపిస్తోంది. ఒక్కరూ ఇంకా ఏమీ రాయలేదు.