ఎండబెట్టమన్న కుండీలు

నాదెండ్ల

చిరంజీవి సామ్యేలుకు నాయన దీవెనలు. దేవుని దయ వల్ల నాకు ఒంట్లో బాగానే ఉంది, బెంగ పెట్టుకోవద్దు, బాగానే ఉంది. మీ అమ్మ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయో, కోడలు, పిల్లలు ఎట్లా ఉన్నారో రాయి. ఇక్కడ రెండు పూటలా వరి అన్నమే గాని జొన్నరొట్టె లేక నోరు చప్పబడింది. సాయంత్రాలు మాట్లాడే మనిషి లేడు. జొన్న చేను వాడిపోతోంది, చెడదున్నేస్తానని నువ్వు రాసింది మనసులో తిరుగుతూనే ఉంది. అయినా ఈ రోజు నా సంతోషం ఇంతా అంతా కాదు. ఎందుకో నాకే సగం అర్థం కాలేదు. అయినంత రాస్తాను.

ఈ ప్రయోగాల పొలంలో నాది కుండీలకు నీళ్ళు పోసే పని గదా. ఆఫీసరు గారు ఇరవై కుండీల్లో జొన్న పెంచి, పదింటి మీద చిటికెడు పొడి కలిపిన నీళ్ళు చల్లించారు. తక్కిన పదింటి మీద ఉత్త నీళ్ళు. ఇక దేనికీ చుక్క పోయవద్దన్నారు. నీళ్ళు పోసేవాణ్ణి పెట్టుకొని పోయవద్దనడం ఏమిటో నాకు అంతు పట్టలేదు.

ఆ పొడి హార్మోనట. అటువంటిది మొక్కలోనే పుడుతుందట. వేరుకు తడి అందకపోతే అది ఆకుకు కబురు పెడుతుందట, ఆకు తన నోళ్ళు మూసుకొని ఉన్న నీటిని దాచుకుంటుందట.

“ఆకుకి నోరేందయ్యా?” అన్నాను.

“కంటికి కనపడవు తాతా” అన్నారు.

కనపడనివి మూసుకున్నాయని ఈయనకెట్లా తెలిసిందో.

ఎనిమిదో రోజు ఆదివారం, ఆఫీసరు గారు రారు. ఆ పొద్దునకి ఉత్త నీళ్ళ కుండీలు తలలు వేలాడేశాయి. మన వెల్దుర్తిలో జొన్న ఎండుతుంటే చేతిలో నీళ్ళు లేక చూస్తూ ఉండేవాణ్ణి. ఇక్కడ పక్కనే నిండు తొట్టి. గుడికి పోతూ ఆ పదింటికీ తలా ఒక చెంబు పోశాను.

సోమవారం చూస్తే ఇరవయ్యీ ఒకే తీరుగా నిలబడి ఉన్నాయి. ఆఫీసరు గారు అక్కడే కూలబడ్డారు. మందు పని చేయలేదని, ఈ పని మానేస్తామని పైవాళ్ళకు రాస్తానన్నారు. చెబితే నా పని పోతుంది, చెప్పకపోతే ఆయన పని పోతుంది. చెప్పేశాను.

ఆయన తల ఎత్తి తొట్టి వంక, కుండీల వంక చూశారు. తరువాత “మందు చల్లిన వాటికి కూడా పోశావా?” అన్నారు.

“వాటికెందుకయ్యా? అయ్యి చానా బాగుండాయి గదా.”

అంతే, లేచి నా భుజాలు పట్టుకొని ఒకటే నవ్వు. తప్పు చేసినవాణ్ణి చూసి ఎందుకు నవ్వుతున్నారో చానాసేపటి దాకా నాకు తట్టలేదు. మళ్ళీ మొదటి నుంచి వేస్తారట. ఈసారి తొట్టికి తాళం పెట్టమని నేనే చెప్పాను.

మా అక్కకు నా వందనాలు చెప్పి, నా కోసం ప్రార్థన చేయమను. ఎవరైనా ఇటు వస్తుంటే నాలుగు జొన్నరొట్టెలు పంపించు.

అరక కట్టే ముందు ఒక్క మాట విను నాయనా. మధ్యాహ్నం ఆకు చుట్టుకుందని చేను పోయిందనుకోకు. తెల్లవారే పోయి చూడు. ఆకు విప్పుకొని ఉంటే అది ఇంకా నీళ్ళు దాచుకొని వాన కోసం చూస్తోంది. మనం కూడా చూద్దాం.

మీ నాయన
యోహాను