ఓవెన్ తలుపు తెరవరాదు

ఫిబ్రవరి 11, మంగళవారం

శ్రీమతి హాస్పిటల్ నుంచి ఇల్లు చేరి వారం దాటింది. జ్వరం పోయింది, పోతూ పోతూ ఆవిడ నోటి రుచినీ, ముక్కు వాసననీ వెంట తీసుకుపోయింది. ఏది పెట్టినా తడి అట్టముక్క నమిలినట్టుందంటుంది. నాలుగు మెతుకులు కెలికి కంచం పక్కకు జరుపుతుంది. వచ్చే సోమవారం రివ్యూ. అప్పటికీ తిండి మొదలుకాకపోతే మళ్ళీ అడ్మిట్ చేసి, ముక్కులోంచి ట్యూబు వేయాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పారు. వేపుళ్ళు వద్దట, చేప, కూరగాయలు ఓవెన్‌లో కాల్చి పెట్టమన్నారు.

ఇన్నేళ్ళ సంసారంలో నేను వంటింట్లోకి మంచినీళ్ళ నిమిత్తం మాత్రమే ప్రవేశించినవాణ్ణి. సదరు బాధ్యతను తక్షణం స్వీకరించడమైనది.

ఫిబ్రవరి 12, బుధవారం, సాయంత్రం

చేపలాయన ముక్కలు ఎంతెంత కొట్టమంటారు సార్ అన్నాడు. ముక్కలు వద్దు, పొలుసు తీసి చేపను మొత్తంగా అలాగే ఇమ్మన్నాను. తినడానికా, ఫొటోకా అన్నాడు.

ఫోన్‌లో మరదలి పర్యవేక్షణలో చేపకు గాట్లు పెట్టి నిమ్మరసం, మిరియాల పొడి, వెల్లుల్లి పట్టించాను. కింద క్యారెట్, క్యాప్సికం, ఉల్లిపాయ పరిచాను. ఫలితం: పైన ఎండినది, లోపల పచ్చి. శ్రీమతి ఒక ముక్క నోట్లో పెట్టుకుని, బావుందండీ అని, దాన్ని మర్యాదగా చేతిరుమాల్లోకి బదిలీ చేసింది.

ఫిబ్రవరి 13, గురువారం

మరదలు విచారణ జరిపింది. ఓవెన్ తలుపు ఎన్నిసార్లు తీశారు బావగారూ అంది. ఉడికిందో లేదో చూడ్డానికి అప్పుడప్పుడూ అన్నాను. అక్క లెక్క వేరేలా ఉందే అని నవ్వింది. నేను తనిఖీ శాఖలో పనిచేస్తున్న సంగతి ఆమెకు తెలియనిది కాదు. తీసినప్పుడల్లా వేడంతా బయటికి పోతుంది, మీరు తొంగిచూడగానే భయపడి పనిచెయ్యడానికి అదేమన్నా మీ బ్రాంచ్ ఆఫీసా అంది.

వంట ముగిసేవరకు తలుపు తెరవరాదని నాకు నేనే ఉత్తర్వు జారీ చేసుకున్నాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఉత్తర్వు ఉల్లంఘించబడింది. చేప పచ్చి. నిందితుడు నేరం అంగీకరించాడు.

ఫిబ్రవరి 15, శనివారం

భోజనం దగ్గర ఆవిడ ఉంగరం వేలి నుంచి జారి పళ్ళెంలో పడింది. నేను చూడలేదనుకుని తీసి బొటనవేలికి పెట్టుకుంది.

ఫిబ్రవరి 16, ఆదివారం, మధ్యాహ్నం

మూడో చేప. ట్రే లోపల పెట్టానో లేదో శ్రీమతి గదిలోంచి కేకేసింది. ఆ తలుపు చప్పుడు వినలేక చస్తున్నాను, ఇలా వచ్చి కూర్చోండి అంది. మంచం అంచున కూర్చున్నాను. నా చెయ్యి పట్టుకుంది. ప్రేమ అనుకున్నాను. మీరు లేస్తే నాకు తెలియాలిగా అంది.

గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. నా ప్రాణమంతా వంటింట్లో ఉంది. ఒకసారి లేవబోయాను, వేళ్ళు బిగించింది. అంత బక్కచిక్కిన చేతికి ఆ బలం ఎక్కడిదో తెలియలేదు.

ఉన్నట్టుండి తల తిప్పింది. ఉల్లిపాయ మాడుతోందండీ అంది.

నాకేమీ తెలియలేదు, రెండు రోజులుగా జలుబు. ఏదీ, మళ్ళీ చెప్పు అన్నాను. చెప్పేదేమిటి నా మొహం, మాడుతోంది, లేవండి మహానుభావా అంది. లేవలేదు. ఈసారి చెయ్యి వదలనిది నేను.

కూరగాయలు ఓ పక్క నల్లబడ్డాయి. చేప పొరలు పొరలుగా విడివడింది. ముళ్ళు తీసి పెట్టాను. తింది. ఉప్పు తక్కువ, నిమ్మ ఎక్కువ, క్యారెట్ ఇంతింత లావున ఎవరైనా కోస్తారా అంది. మళ్ళీ పెట్టమంది. అభ్యంతరాలన్నీ సవినయంగా స్వీకరించడమైనది. ముళ్ళు ఏరేటప్పుడు నాకు కళ్ళు సరిగా కనిపించలేదు. జలుబే.

ఫిబ్రవరి 17, సోమవారం

పొద్దున రివ్యూ. ట్యూబు మాట ఇప్పటికి పక్కన పెడదామన్నారు డాక్టరమ్మ.

ఆఫీసు నుంచి వచ్చి చూస్తే, ఫ్రిజ్‌లో దాచిన చేపముక్క లేదు. గిన్నె కడిగి బోర్లించి ఉంది. ఇంట్లో ఉన్నది ఆవిడ ఒక్కతే.

విచారణ జరపదలచుకోలేదు.