రెండు వేళ్ళ సందు

ఆటోనగర్, విజయవాడ
జూన్ 9

ప్రియమైన తమ్ముడు ఇశ్రాయేలుకి,

ఇక్కడ క్షేమం. బండి తీసుకెళ్ళాక నువ్వు రెండుసార్లు ఫోను చేశావు. షెడ్డులో సుత్తి మోతకి నా చెవులు ఎప్పుడో పోయాయి. వినపడినా ఫోనులో నాకు మాట పెగలదు, నీకు తెలిసిందే. పవన్‌కుమార్ లారీ రోజూ మీ జంక్షన్ మీదుగానే పోతుంది కనుక ఈ ఉత్తరం అతని చేతికి ఇస్తున్నాను.

నీ లారీకి ఏం చేశానో రాసిమ్మన్నావు. మనం ఎక్కించిన ఇంజను పెద్ద బండిది. దాని డైనమో కుడివైపు పొడుచుకొచ్చి ఉండేది. స్టీరింగు తిప్పినప్పుడల్లా చక్రాలను మళ్ళించే రాడ్డు వచ్చి డైనమో పుల్లీకి రాసుకునేది. డైనమోను విప్పి ఎడమవైపుకి, బాగా కిందికి దించాను. రెండు బెల్టులు తీసేసి ఒకటే పొట్టి బెల్టు వేశాను. ఇప్పుడు రాడ్డుకీ పుల్లీకీ మధ్య రెండు వేళ్ళు పడతాయి. నువ్వే పెట్టి చూశావు.

పవర్ స్టీరింగు పంపును తిప్పేదీ ఆ బెల్టే. అది పట్టి ఉన్నంతసేపూ స్టీరింగును వేలితో తిప్పుకోవచ్చు. పట్టు వదిలితే ఒళ్ళంతా మోపినా తిరగదు. అప్పుడప్పుడు బెల్టు బిగువు బొటనవేలితో నొక్కి చూసుకో.

ఇంత చిన్న బెల్టుతో ఈ పని ఇక్కడ ఎవరూ చేయలేదు. గొప్ప చెప్పుకోవడం కాదు, ఉన్నమాట.

మీ అబ్బాయి జోయెల్‌కు నా దీవెనలు.

నీ అన్న,
తిరుపతిరావు

హనుమాన్ జంక్షన్
జూన్ 20

ప్రియమైన అన్నగారికి,

మీ తమ్ముడు ఇశ్రాయేలు నమస్కరించి రాసేది. బండి పూలరథం లాగా నడుస్తోందండీ. మొన్న మా ఆవిడని చర్చికి తీసుకెళ్ళాను. స్టీరింగు ఒక్క చేత్తో తిప్పుతుంటే చూసి, "ఇన్నాళ్ళూ బండితో కుస్తీ పట్టి ఇంటికొచ్చి నామీద విసుక్కునేవారు, ఇకనుంచి ఏం వంక చెబుతారు?" అంది.

బండి ఇచ్చిన రోజు మీరు షెడ్డులో అందరి ముందూ నిలబడి, బెల్టు ఎలా తిరుగుతుందో వేలితో చూపిస్తూ అరగంట మాట్లాడారు. నలభై ఏళ్ళలో మీ నోట అన్ని మాటలు నేను వినలేదు. ఇంటికొచ్చి మావాడు జోయెల్‌కి చెబితే వాడు నమ్మలేదు. "మేస్త్రిగారా? అరగంటా? ఇంకెవర్నో చూసుంటావు నాన్నా," అన్నాడు.

చేపల లోడ్లు బాగానే ఉన్నాయి. చెరువుల దగ్గర్నుంచి రోజుకి రెండు ట్రిప్పులు.

మీ తమ్ముడు,
ఇశ్రాయేలు

ఆటోనగర్
జూలై 14

ప్రియమైన తమ్ముడికి,

ఒకసారి బండి తీసుకురా. గ్రీజు పెట్టాలి. ఒక పూట పని.

వానలు ముదురుతున్నాయి. గట్ల మీద నిదానంగా పో. ఈ వారంలోనే వస్తే మంచిది.

ఇంకేమీ లేదు.

తిరుపతిరావు

హనుమాన్ జంక్షన్
జూలై 22

ప్రియమైన అన్నగారికి,

గ్రీజు ఇక్కడే పెట్టించానండీ. మీరు దాని గురించి దిగులు పడొద్దు. చేపలు పట్టే రోజులు కదా, ఒక పూట బండి ఆపినా చెరువుల వాళ్ళు వేరే లారీని పిలుచుకుంటారు. వానలు తగ్గాక తీరిగ్గా వస్తాను.

వాన రోజుల్లో జోయెల్‌కి బండి ఇవ్వడం లేదు, నేనే తోలుతున్నాను. "ముప్ఫయ్యేళ్ళొచ్చాయి, నాకు లైసెన్సు లేదా ఏంటి?" అని గొణుగుతున్నాడు. గొణగనీ.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ తమ్ముడు,
ఇశ్రాయేలు

ఆటోనగర్
ఆగస్టు 19

ప్రియమైన తమ్ముడికి,

పవన్‌కుమార్ చెప్పాడు. మంగళవారం వానలో మీ బండి మలుపు తిరగకుండా పంటకాలవలో పడిందని, తోలుతున్నది జోయెల్ అని, కుడి మణికట్టు విరిగిందని. ప్రాణానికి భయం లేదన్నాడు. ఫోను చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నంబరు నొక్కలేకపోయాను.

ఇది వాన తప్పు కాదు, జోయెల్ తప్పూ కాదు. నాది.

జూలై పదో తారీఖున మంగళగిరి జయంత్ గారి లారీ షెడ్డుకి వచ్చింది. దానికీ మే నెలలో ఇదే పని చేశాను. నీళ్ళు కొట్టి కడిగించి, స్టార్ట్ చేసి స్టీరింగు పట్టుకున్నాను. బెల్టు కీచుమని అరిచింది. స్టీరింగు కదల్లేదు. వంగి చూస్తే పంపు పుల్లీ మీద బెల్టు జారిపోతోంది. పది నిమిషాలకి ఆరింది. మళ్ళీ వేలితో తిరిగింది.

అప్పుడు తెలిసింది. డైనమోను కిందికి దించడంతో బెల్టు నేలకి దగ్గరైంది. పంపు పుల్లీని సగమైనా చుట్టుకోవడం లేదు. పొడిగా ఉంటే పట్టుకుంటుంది. తడిస్తే జారుతుంది. చెరువు గట్ల మీద మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయని నాకు తెలియదా? పొడినేల షెడ్డులో రెండు వేళ్ళు పెట్టి చూసుకుని మురిసిపోయాను.

నీకు గ్రీజు అని రాశాను. బెల్టు అని రాయడానికి చెయ్యి రాలేదు. ఎవరూ చేయని పని అని రాసుకున్నవాణ్ణి కదా. జయంత్ గారి బండి కూడా, ఆరాక ఏమీ అనకుండా పంపేశాను.

నువ్వేమన్నా పడతాను.

తిరుపతిరావు

హనుమాన్ జంక్షన్
ఆగస్టు 27

ప్రియమైన అన్నగారికి,

జోయెల్ చేతికి ప్లేటు వేశారు. వేళ్ళు కదులుతున్నాయి. మునుపటిలా స్టీరింగు పట్టగలడో లేడో మూడు నెలలు పోతే గాని చెప్పలేమన్నారు డాక్టరుగారు.

మీరు రాసింది చదివాను. ఇప్పుడు నేను చెప్పేది వినండి. నాకూ తెలుసు.

జూన్ ఆఖర్లో మొదటి పెద్ద వానకే తెలిసింది. కైకలూరు దాటాక స్టీరింగు రాయి అయిపోయింది. లేచి నిలబడి ఒళ్ళంతా వేసి తిప్పాను. ఆపి, పది నిమిషాలు కూర్చుంటే మామూలైంది. తర్వాత నాలుగుసార్లు అలాగే అయింది. నీళ్ళు కనపడితే ముందే ఆగి, మెల్లిగా పోవడం అలవాటు చేసుకున్నాను.

మీకెందుకు రాయలేదంటారా? ఆ రోజు షెడ్డులో మీ ముఖం చూశాను. మీ పనికి వంక పెట్టడానికి మనసొప్పలేదు. జోయెల్‌కీ చెప్పలేదు. చెబితే మీ షెడ్డుకొచ్చి నలుగురిలో నానా మాటలూ అంటాడని. "వానలో నేనే తోలతా," అని మాత్రం అన్నాను. ఆ మంగళవారం నాకు జ్వరం. చెరువు వాళ్ళు ఫోను మీద ఫోను. నేను పడుకుని ఉండగా వాడు తాళాలు తీసుకుపోయాడు.

మీ ఉత్తరం వాడికి చదివి వినిపించి, నా సంగతి కూడా చెప్పాను. ఏడుస్తాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. కట్టు వంక చూసుకుంటూ అన్నాడు: "మీరిద్దరూ మహా మర్యాదస్తులు నాన్నా. చెయ్యి మాత్రం నాది."

కాసేపటికి మళ్ళీ అడిగాడు: "మరి ఆ మంగళగిరి బండి మాటేంటి? మేస్త్రిగారు ఆయనకి చెప్పారా, లేక ఆయనకీ గ్రీజు అని ఉత్తరం రాస్తారా?"

వాడు అడిగింది ఉన్నదున్నట్టు రాశాను. జవాబు మీరే చెప్పండి.

ఇశ్రాయేలు

ఆటోనగర్
ఆగస్టు 30

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం అందిన గంటకే మంగళగిరి బస్సెక్కాను. జయంత్ గారు లోడు ఎత్తిస్తున్నారు. చుట్టూ పదిమంది ఉన్నారు. పక్కకి పిలుద్దామనుకున్నాను. పిలిస్తే మళ్ళీ గ్రీజు అంటానేమోనని అక్కడే నిలబడి చెప్పాను. మీ బండికి నేను చేసిన పని తప్పు, తడిస్తే స్టీరింగు పట్టదు, ఈ బండి కదలకూడదు అని. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"జూలైలో మీకు తెలుసా?" అని అడిగారు.

తెలుసన్నాను.

"మరి అప్పుడెందుకు చెప్పలేదండీ?"

సిగ్గుపడ్డానండీ అన్నాను.

ఆయన కూలీల వైపు తిరిగారు. "దింపండ్రా లోడు," అన్నారు. నన్ను బండి ముట్టుకోనివ్వలేదు. ఆ బండికి పాత పద్ధతిలో రెండు బెల్టులూ వేరే మేస్త్రి చేత వేయిస్తారట. వేయించనీ. స్టీరింగు పెట్టెను నాలుగు అంగుళాలు ముందుకు జరిపితే రాడ్డుకి సందు దొరుకుతుంది. ఆ మేస్త్రికి కొలతలు ఇచ్చి వచ్చాను. పని ఎక్కువని మొదట్లో నేను వదిలేసిన దారి అదే.

ఆదివారం మీ ఇంటికి వస్తున్నాను. ఈ ఉత్తరం జోయెల్‌కు చదివి వినిపించకు. వాడికి నేనే చెబుతాను. ఎంతసేపు పట్టినా, నా బదులు నువ్వు మాత్రం మాట్లాడొద్దు.

నీ అన్న,
తిరుపతిరావు