కొట్టకుండా తెచ్చిన టెంకాయ

కళ్యాణదుర్గం, శుక్రవారం

చెల్లెలు ఈశ్వరికి, స్వామి మిమ్మల్ని చల్లగా చూడాలి.

నీ కూతురు సరళ మా ఇంట్లోనే ఉంది, బాగుంది. కడుపులో బిడ్డకేమీ కాలేదని ఇక్కడి డాక్టరమ్మ చెప్పింది. ఫోన్ చేయడానికి మొహం చెల్లక కార్డు రాస్తున్నాను.

దానికి సంతానం కలగాలని, మొగుడూ పెళ్లాలను చెప్పులు లేకుండా పెనుకొండలో స్వామి కొండ ఎక్కిస్తానని మొక్కింది నేనే కదా. ఆదివారం ఎక్కాము. పిల్ల మలుపు మలుపుకీ కూర్చుంటుంటే, "ఏమ్మే, ముసల్దాన్ని నేనెక్కతాండా, నీకేమొచ్చింది?" అని నలుగురిలో అన్నాను. అది నవ్వి లేచింది. పైన టెంకాయ అందిస్తే అల్లుడు నాగేశ్వర చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏమప్పా, చేతులు గూడా అలిసినాయా?" అన్నాను.

"నేను కొట్టగూడదు అత్తా" అన్నాడు మెల్లగా.

పెళ్లాం కడుపుతో ఉన్నవాడు టెంకాయ కొట్టకూడదు. అప్పుడు అర్థమైంది. మూడో నెల నిండేదాకా బయటికి చెప్పకూడదని, నా మొక్కు తప్పకూడదని, ఇద్దరూ మాట్లాడకుండా ఎక్కారు. దిగేటప్పుడు దాని చెయ్యి వదల్లేదు కానీ, మొహం చూడలేకపోయాను.

పిల్ల చింతకాయ తొక్కు అడుగుతోంది, ఎవరైనా వస్తుంటే పంపు. మీ వైపు వాన పడిందా? శెనక్కాయ విత్తనం వేశారా?

ఆ టెంకాయను పసుపుగుడ్డలో ముడుపు కట్టాను. కాన్పయ్యాక నాగేశ్వరే కొడతాడు. రోజూ దీపం పెట్టి, తప్పైందని స్వామికి చెప్పుకుంటున్నాను. పక్క గదిలో ఉన్న పిల్లకు మాత్రం ఇంకా చెప్పలేదు. ఈ కార్డు డబ్బాలో వేసి వచ్చి చెబుతాను.

మరిదికి, నీకు ఆశీస్సులు.

అక్క ఆంజినమ్మ