బొమ్మ పోయింది, సారు బతికారు

నర్సుల లైసెన్సు పరీక్షల మండలి అధ్యక్షుల వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తన ప్రాణం నిలబెట్టిన అభ్యర్థురాలిని తన చేత్తోనే ఫెయిలు చేసిన తమ ప్రాక్టికల్ పరీక్షాధికారి గారి అన్యాయము, దాని రద్దు గురించి.

అన్యాయానికి గురైనది మా అక్క. చేసినది పైన చెప్పిన సారు. నేను తమ్ముణ్ణి. పరీక్ష చదువు కోసం అక్క ముందు మంచమెక్కి, రకరకాల జబ్బులతో మూలిగినవాణ్ణి గనుక ఈ విషయంలో మాట్లాడే అర్హత నాకు కలదు.

1. పరీక్ష గదిలో మంచం మీద రబ్బరు బొమ్మ, పక్కన గుండె గీతలు చూపే తెర, ఎదురుగా కుర్చీలో సారు. ఆపరేషనై వచ్చిన బొమ్మకు ఊపిరి అందడం లేదని ప్రశ్న. అక్క తలవైపు మంచం ఎత్తి, ఆక్సిజన్ మాస్కు పెట్టినది. ఆ సమయమున సారుకు చెమటలు కారి, చేతిలో పెన్ను వణికి, ఒకసారి అడిగిన హాల్ టికెట్ నంబరే మళ్లీ మళ్లీ అడగసాగినారు.

"సార్, మీకు షుగరుందా? పొద్దున ఏమైనా తిన్నారా?" అని అక్క అడిగినది.

"ఇక్కడ ప్రశ్నలడిగేది నేను," అని సారు తడబడే నాలుకతో సెలవిచ్చినారు.

2. డాక్టరును పిలవమని అక్క తలుపు దగ్గరి అటెండరును కేకేసినది.

"పరీక్ష అయ్యేదాకా తలుపు తీయొద్దన్నారమ్మా."

"ఎవరన్నారు?"

"సారే!"

ఇక చేయునది లేక, బల్ల మీది షుగరు చూసే మిషనుతో సారు వేలు గుచ్చి చూడగా చక్కెర బాగా పడిపోయి ఉన్నది. స్పృహ ఉన్నది, గుటక పడుచున్నది. అందుచేత అటెండరు టీ కోసం దాచుకున్న పంచదార నీళ్లలో కలిపి తాగించి, పక్కనే నిలబడి, కాసేపాగి మళ్లీ గుచ్చి చూసినది. సారు తేరుకున్నారు. ఇన్సులిన్ వేసుకుని తినడం మరిచానని తామే ఒప్పుకున్నారు. ఆ తర్వాత గడియారం చూసినారు, తెర చూసినారు. తెర మీద గీత చదునుగా ఉన్నది. వెంటనే రాసినారు: "అభ్యర్థురాలు రోగిని విడిచి వెళ్లినది. రోగి మృతి." రాసేటప్పుడు చెయ్యి వణకలేదు. అది మా అక్క చలవ.

3. తమ రాత పరీక్షలో నలుగురు రోగులను చూపి, మొదట ఎవరి దగ్గరికి వెళ్తావని అడిగినారు. ఎవరి ప్రాణం ముందు పోయేలా ఉన్నదో వారి దగ్గరికి అని తమ జవాబు. అక్కదీ అదే. మార్కు వేసినారు. రాస్తే ఒప్పయినది చేస్తే తప్పెలా అయినది? మనిషి కన్నా రబ్బరును ముద్దు చేసే వ్యవస్థ ఇది కాక మరేమి? మధ్యాహ్నం బ్యాచి వచ్చేసరికి ఆ చచ్చిన బొమ్మ నిక్షేపంగా ఊపిరి తీస్తున్నది. దానికి మీట ఉన్నది. సారుకు మీట ఎక్కడున్నదో తమరే సెలవియ్యవలెను.

4. తమ కార్యాలయపు కిటికీలో గుమాస్తా గారు నాతో అన్న మాటలు: "చూడు బాబూ, రికార్డు ప్రకారం బొమ్మ రోగి, సారు సారు. సారు రోగి అని ఎక్కడా రాసి లేదు."

"ఆయనే పోయుంటే?"

"పోతే సెలవు మంజూరయ్యేది. నువ్వు లైను కదులు."

5. అక్కకు ఇదే ఆఖరి అవకాశం. ఈ ఫెయిలు నిలిస్తే మళ్లీ పరీక్షకు కూర్చోనివ్వరు, ఆసుపత్రిలో ట్రెయినీ కొలువూ ఊడుతుంది. ఇస్త్రీ చేసిన యూనిఫాం తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్నది. అది కంటపడినప్పుడల్లా అమ్మ, "బొమ్మనే పట్టుకుని ఉండాల్సింది కదే పిచ్చిదానా," అంటున్నది.

"కళ్లెదురుగా మనిషి పోతుంటే బొమ్మనెలా పట్టుకోనమ్మా," అని అక్క. అంతటితో ఊరుకుంటుందా! "బొమ్మ దగ్గర ఇంకొకర్ని నిలబెట్టి కదలాల్సింది. అది నా తప్పే. దానికో మార్కు కొట్టేసుకోమను," అని కూడా అంటున్నది. నేను ఒప్పుకోను. ఒకడు తలుపు కాస్తున్నాడు, ఇంకొకరు కుర్చీలోంచి జారుతున్నారు. ఎవర్ని నిలబెట్టాలి?

కావున ఫెయిలు రద్దు చేసి, అక్కకు లైసెన్సు ఇప్పించవలెనని కోరుచున్నాను. ప్రార్థించుట లేదు, కోరుచున్నాను. తమరు గదిలో కూర్చుని చిత్తగించినా సరే, గేటు దాకా వచ్చి చిత్తగించినా సరే.

రేపు పొద్దుటి దాకా తమ విధేయుడు,
అభ్యర్థురాలి తమ్ముడు

తా.క.: అక్క ఇది చదివి, "గేటుకి ఎదురుగానే ఆసుపత్రిరా, అరిచావంటే వీపు చీరేస్తా. ఆ సారుకి మాత్రం గట్టిగా చెప్పు, సూది వేసుకున్నాక తిండి మానొద్దని," అన్నది. ఇదిగో, ఇందులోనే చెప్పాను. రేపు గేటు దగ్గర అరవడానికి రాసుకున్న నినాదాలన్నీ కొట్టేశాను. ఈ అర్జీ నకలును గోడ మీద చదువుతున్న ఫెయిలైన అక్కచెల్లెళ్లారా, అన్నదమ్ములారా! రేపు ఉదయం పది గంటలకు మండలి గేటు దగ్గరికి యూనిఫాంలో రండి. నోరు మెదపకుండా నిలబడదాం. ఎండకు మనలో ఎవరికి కళ్లు తిరిగినా, లోపల అధికారుల్లో ఎవరికి తిరిగినా భయం లేదు. చూసుకోవడానికి అక్కడ ఉండేదంతా మనమే. పది గంటలకు!