భైంసా వాగు మీద

భైంసా
12 మార్చి 1981

ప్రియమైన మీకు,

పైన భైంసా అని చూసి మీకు కోపం వస్తుందని తెలుసు. ముందు చివరిదాకా చదవండి, తరువాత కోప్పడండి.

మిమ్మల్ని హైదరాబాదు ఆసుపత్రిలో మీ అక్కయ్య సరళ వదినె చేతిలో పెట్టి నేను హుజూరాబాదు చేరానో లేదో, మీ తమ్ముడు లక్ష్మీకాంతరావు కాగితాలు పట్టుకొని వచ్చాడు. "వదినా, జీపు బోల్తా పడి అన్న నడుము విరిగింది. ఎప్పుడు లేస్తడో ఎవరికెరుక. భైంసా పని ఇంకొకనికి అప్పజెప్పి బయటపడుదం. అన్నతోని సంతకం పెట్టియ్యి" అన్నాడు. మీరు ఇన్నాళ్లు ప్రాణం పెట్టి కడుతున్న వంతెనను కంటితో చూడకుండానే వదులుకోవడానికి మనసు ఒప్పలేదు. బస్సెక్కి వచ్చేశాను.

వచ్చి చూస్తే వాగులో పిల్లర్లు నిలబడి ఉన్నాయి, పని మాత్రం నిలిచిపోయింది. కూలీలు సగం మంది వెళ్లిపోయారు. షెడ్డులో అడుగున ఉన్న సిమెంటు బస్తాలు తేమకు రాళ్లయ్యాయి. మీ రాయమల్లు మేస్త్రీ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "దొర మల్ల వస్తడా దొరసానీ? నిజం చెప్పున్రి. వస్తడంటే ఉంటం. లేకుంటే గోదావరిఖని దిక్కు పోతం, ఆడ క్వార్టర్ల పని నడుస్తున్నది" అన్నాడు. "వస్తరు" అన్నాను. అది నిజమో అబద్ధమో నాకే తెలియదు.

మీ వాటా భూమి అమ్మి మీరు ఈ కాంట్రాక్టు పనిలో దిగినప్పుడు మన వాళ్లంతా నవ్వారు, దొరల బిడ్డ మట్టి మోయిస్తాడట అని. చొప్పదండిలో బడి గదులతో మొదలుపెట్టి, ఊరూరా కల్వర్టులు కట్టుకుంటూ వస్తే ఇన్నేళ్లకు ఒక వంతెన చేతికొచ్చింది. దీన్ని సగంలో వదిలితే రేపు మనకు ప్రహరీ గోడ కట్టే పని కూడా ఎవరూ ఇవ్వరు. మీరు లేచేదాకా నేను ఇక్కడే ఉంటాను. ఏం చేయాలో రాయండి. నాకు ఏమీ తెలియదు, భయంగా ఉంది.

వదినె పెట్టింది తినండి, విసుక్కోకండి.

మీ
నిర్మల

*

హైదరాబాదు
20 మార్చి 1981

నిర్మలా,

ఎవరు పొమ్మన్నారు నిన్ను? వాగు ఒడ్డున, ముక్కూ ముఖం తెలియని జనం మధ్య మన ఇంటి ఆడది ఉన్నదని నలుగురూ అనుకుంటే నేను ఈ మంచం మీద పడి వినాలా? లక్ష్మీకాంతం వచ్చి కళ్లనీళ్లు పెట్టుకొని పోయాడు.

రాత్రీ పగలూ పైన తిరిగే ఫ్యానును చూస్తూ పడుకుంటాను. దుప్పటి తీసి చూసుకుంటే తప్ప నాకు కాళ్లున్నాయని తెలియడం లేదు. డాక్టరు రోజూ సూదితో గుచ్చి "తెలుస్తోందా?" అని అడుగుతాడు. తెలుస్తోందని అబద్ధం చెప్పాలనిపిస్తుంది.

తిరిగి పొమ్మంటే నువ్వు పోవని తెలుసు. అయితే విను. వానలు పడేలోగా చివరి స్లాబు పడాలి. సెంట్రింగ్ జాగ్రత్త. పోసిన కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని కింద నుంచి మోసే ఆ చెక్కలు, ఇనుప పలకలు, దిమ్మెలు, అంతా మన సొంతం. అమ్మిన భూమి ఆ రూపంలో ఉందనుకో. అది పోతే మనం పోయినట్టే.

కూలీల ముందు తెలియదు అనకు. గొంతు పెంచి మాట్లాడు. మెత్తగా ఉంటే ఒక్కడూ మాట వినడు. నేను పనిని పెంచింది ఈ గొంతుతోనే.

నీ
జగపతి

*

భైంసా
28 మే 1981

ప్రియమైన మీకు,

మీరు చెప్పినట్టే గొంతు పెంచి చూశాను. పని ఎందుకు ఆపారని అందరి ముందూ అరిచాను. రాయమల్లు ముఠాలోని పోశం భార్య ఎల్లక్క తట్ట కింద పెట్టి, "అరుస్తే సిమెంటు వస్తదా దొరసానీ?" అంది. అంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఆ తరువాత గుడారంలోకి పోయి ఏడ్చాను.

మరునాడు వాళ్ల పొయ్యిల దగ్గర కూర్చొని ఉన్నదున్నట్టు చెప్పాను. సర్కారు నుంచి సిమెంటు పర్మిట్ రాలేదు, అది వచ్చేదాకా పని లేదు, కూలి ఆలస్యమవుతుంది, ఎగ్గొట్టను. ఉండేవాళ్లు ఉండండి, పోయేవాళ్ల మీద నాకు కోపం లేదు అన్నాను. కొందరు పోయారు. రాయమల్లు ముఠా ఉండిపోయింది. "దొర ఎన్నడు గింత మాట చెప్పలే" అన్నాడు రాయమల్లు. అది మెచ్చుకోవడమో, మిమ్మల్ని తలచుకోవడమో నాకు అర్థం కాలేదు.

పర్మిట్ కోసం ఆదిలాబాదు ఆఫీసు చుట్టూ తిరిగాను. "మీ ఇంట్ల మగోళ్లు లేరా అమ్మా?" అని అడిగాడు అక్కడి గుమాస్తా. "ఉన్నరు. ఆసుపత్రిల ఉన్నరు. పర్మిట్ ఇస్తె పోత" అన్నాను. టిఫిన్ డబ్బా పట్టుకొని వరండాలో బెంచీ మీద కూర్చునేదాన్ని. వచ్చే పోయే వాళ్లు నన్ను చూసి గుసగుసలాడేవారు. మొదట్లో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను, తరువాత మానేశాను. చివరికి ఇచ్చారు గానీ ఆలస్యం చేసి ఇచ్చారు. సెంట్రింగ్ అంతా వాగులో నిలబెట్టాం, ఇనుము కడుతున్నారు. మిరుగం కార్తె దగ్గరికి వచ్చింది, వానలు మొదలవుతాయి. ఇప్పుడే కాంక్రీటు పోయించనా, సెంట్రింగ్ విప్పించి వానలు వెలిసేదాకా ఆగనా? త్వరగా రాయండి.

వదినె ఉత్తరంలో అన్నీ రాసింది, మీ కాళ్ల మాట రాయలేదు. ఎందుకు?

మీ
నిర్మల

*

హైదరాబాదు
9 జూన్ 1981

నిర్మలా,

నీ ఉత్తరం ఇవాళే అందింది. ఎంత ఆలస్యం! ఆగవద్దు. పోయించు. ఇప్పుడు ఆగితే డిపార్టుమెంటు వాళ్లు పని లాక్కుంటారు.

పోయకముందే నీళ్లు వస్తే మనుషులను దించు. బోల్టులు విప్పించి, ఎన్ని పలకలు దొరికితే అన్ని ఒడ్డుకు చేర్పించు. రాయమల్లుకూ పోశానికీ ఈత వచ్చు. భయపడితే వినకు, నా మాటగా చెప్పు. కల్వర్టు పనుల్లో ఇట్లా ఎన్నిసార్లు దించలేదు? ఎన్నడూ ఏమీ కాలేదు.

నా కాళ్ల సంగతి అడిగావు. డాక్టరు ఈమధ్య సూదితో గుచ్చడం మానేశాడు. అంతకంటే రాయలేను. ఈ లోకంలో నాది అనేది ఇక ఆ వంతెన ఒక్కటే. దాన్ని పోనీయకు. దండం పెడుతున్నాను.

జగపతి

*

భైంసా
19 జూన్ 1981

ప్రియమైన మీకు,

ఎట్లా రాయాలో తెలియడం లేదు. సెంట్రింగ్ పోయింది. కాంక్రీటు కలిపే మిషను పోయింది. కట్టిన ఇనుము వాగులో మెలికలు తిరిగి పడి ఉంది. పిల్లర్లు మాత్రం నిలబడ్డాయి.

వరద వచ్చిన రోజు ఇక్కడ చినుకు కూడా లేదు. ఎండ కాస్తోంది. మీ జవాబు కోసం చూసి చూసి, మరునాడు పొద్దున కాంక్రీటు మొదలుపెట్టాలనుకున్నాం. భోజనాలయ్యాక పై నుంచి ఒక గొర్లకాపరి పరుగెత్తుకొచ్చాడు, "పాణీ ఆలం! పాణీ ఆలం!" అని, నీళ్లొచ్చాయని మరాఠీలో అరుస్తూ. ఎగువన మహారాష్ట్రలో కుండపోతగా కురిసిందట. మేం చూస్తుండగానే వాగు రంగు మారింది.

నేను చెప్పకముందే రాయమల్లు మనుషులను తీసుకొని, బోల్టులు విప్పే పానాలు పట్టుకొని సెంట్రింగ్ కిందికి దిగాడు. "జర్రసేపు ఆగితే అన్ని విప్పుతం దొరసానీ, ఫికర్ చెయ్యకున్రి" అన్నాడు. నీళ్లు వాళ్ల మోకాళ్లకు వచ్చాయి. అది పోతే మనం పోయినట్టే అని మీరు రాసిన మాట నా చెవుల్లో మోగుతోంది. నేను వాళ్లను ఆపలేదు. ఒక్కొక్క పలక ఒడ్డుకు చేరుతుంటే సంతోషం కూడా కలిగింది. అప్పుడు ఎల్లక్క కనబడింది. ఆమె మొగుడు కింద ఉన్నాడు. ఆమె నీళ్లను చూడడం లేదు. నన్ను చూస్తోంది.

"అందరు పైకి రాండ్రి!" అని అరిచాను.

"సగమన్న కాలే దొరసానీ!" అన్నాడు రాయమల్లు.

"పోతె పోనీ. పానాలు ఆడ పారేసి రాండ్రి!"

ఒక్కొక్కరే ఎక్కారు. పోశం రాలేదు. "ఇంక జరంత ఉన్నది, ఈ పలక వస్తది" అంటూ తల ఎత్తకుండా బోల్టు తిప్పుతున్నాడు. ఎన్నిసార్లు పిలిచినా అదే మాట. నేను దిగాను. నీళ్లు నడుముకు వచ్చాయి, కాళ్ల కింద ఇసుక కదిలిపోతోంది. అతని అంగీ పట్టుకొని, "పోశం, నువ్వు ఎక్కేదాక నేను ఎక్క" అన్నాను. అతను బిత్తరపోయాడు. నన్ను ఒడ్డుకు చేర్చడానికే పానా వదిలేశాడు. మేం గట్టెక్కి ఊపిరి తీసుకోకముందే వేళ్లతో సహా ఒక చెట్టు కొట్టుకొచ్చి సెంట్రింగ్‌ను తాకింది. పోశం నిలబడ్డ చోటు మీద అంతా కూలిపోయింది.

మీ ఉత్తరం ఆ తరువాత రెండు రోజులకు వచ్చింది. మనుషులను దించు అని రాశారు. ఒడ్డున నిలబడి చదివాను. అది ముందే వచ్చి ఉంటే మీ మాట వినేదాన్నేమో.

కూలీలంతా విత్తనాలు పెట్టుకోవడానికి ఊళ్లకు పోయారు. గడువులోగా పని కాలేదు గనుక కాంట్రాక్టు రద్దు చేస్తామని డిపార్టుమెంటు నోటీసు వచ్చింది. మీరు ఇన్నేళ్లు కట్టింది నేను ఒక్క పూటలో పోగొట్టాను. ఏ ముఖంతో మీ దగ్గరికి రావాలో చెప్పండి.

నిర్మల

*

హుజూరాబాదు
22 ఆగస్టు 1981

ప్రియమైన మీకు,

ఇది మీకు నేను రాస్తున్న ఎన్నో ఉత్తరమో. ఒక్కదానికీ జవాబు లేదు.

బయలుదేరి వద్దామనుకుంటే, మీరు నన్ను రావద్దన్నారని వదినె కార్డు రాసింది. ఆసుపత్రి నుంచి తన ఇంటికి తెచ్చుకున్నదట. గోడ వైపు తిరిగి పడుకుంటున్నారట, అన్నం ముట్టడం లేదట. ఇక్కడ ఇంట్లో నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడరు. లక్ష్మీకాంతరావు కాగితాలు నా గదిలోనే పెట్టి పోయాడు. "ఇగ చూసుడేమున్నది వదినా, మునిగింది మునిగిపోయింది" అన్నాడు. వాన పడినప్పుడల్లా ఆ నీళ్లలో నిలబడ్డట్టే ఉంటుంది.

తిట్టండి. నా వల్లే అంతా పోయిందని రాయండి. కానీ రాయండి. మీరు ఉన్నారని నాకు తెలియాలి.

మీ
నిర్మల

*

హైదరాబాదు
14 అక్టోబరు 1981

నా నిర్మలకు,

ఇన్ని నెలలూ నీకు రాయలేదు. నీ మీద కోపంతోనే రాయలేదు. కూలివాళ్లకు లేని భయం నీకెందుకని, ఇంకాసేపు ఆగి ఉంటే సగమైనా దక్కేది గదా అని పడుకొని లెక్కలు వేసేవాణ్ని. బతకాలనిపించలేదు. అక్కయ్య గ్లాసు నోటి దగ్గర పెడితే పళ్లు బిగబట్టేవాణ్ని.

దసరా వెళ్లాక ఒక మధ్యాహ్నం వాకిట్లో మాటలు వినిపించాయి. రాయమల్లు, పోశం, ఎల్లక్క. చొప్పదండి నుంచి బస్సులో వచ్చారు. నేను గోడ వైపే తిరిగి ఉన్నాను. రాయమల్లు మంచం పక్కన కూర్చున్నాడు.

"దొరా, మేం ఆదిలాబాదు పోయొచ్చినం. పెద్ద ఇంజినీరును కలిసినం. వరద వస్తె దొరసాని ఏం జేస్తది, వానకు నోటీసు ఇయ్యున్రి అన్నం. ఇంకెవలు ఈ పని పట్టినా మేం వాగుల దిగం అని చెప్పినం" అన్నాడు. ఇంజినీరు విచారించాడట. అంత వరదలో ఒక్క ప్రాణం పోలేదని తెలిసి నోటీసు వెనక్కి తీసుకున్నాడట. వచ్చే వానాకాలం దాకా గడువిచ్చాడు. కాగితం నీకు ఈపాటికి అంది ఉంటుంది.

"సెంట్రింగ్ లేదు, మిషను లేదు, దేంతో కడతరు?" అన్నాను. ఇన్నాళ్లలో నేను మాట్లాడిన మొదటి మాట అదేనని అక్కయ్య తరువాత చెప్పింది.

"గోదావరిఖనిల మనోళ్ల ముఠాలున్నయి. సెంట్రింగ్ కిరాయికి వాళ్లే తెస్తరు, బిల్లు వచ్చినంక ఇస్తె సాలన్నరు. మనుషులు సుత వస్తమంటున్రు. వాగులకెళ్లి మనుషుల గుంజుకొచ్చిన దొరసాని దగ్గర పనుంటదా అని అడుగుతున్రు. ఇంక రెండు పనులు పట్టినా జనానికి కొదువ లేదు."

కూలీల కోసం నేను ఊరూరా తిరిగి, బయానాలు ఇచ్చి, బెదిరించి తెచ్చుకున్న రోజులు గుర్తొచ్చాయి. నా గొంతుకు వాళ్లు వచ్చేవారు. నీ కోసం వాళ్లంతట వాళ్లు బస్సు దిగి నా మంచం దాకా వచ్చారు.

"నేనుంటే ఏం జేస్తుంటినో ఎరుకేనా?" అని అడిగాను.

"ఎరుకే దొరా. దించుతుంటివి. మేం దిగుతుంటిమి" అన్నాడు రాయమల్లు. అతని గొంతులో నిష్ఠూరం లేదు. అదే నాకు ఎక్కువ నొప్పి పెట్టింది.

ఎల్లక్క గుమ్మం దగ్గర నిలబడి, "ఎండ తగలక మొఖం తెల్లవడ్డది, వాకిట్లకు తీసుకపోరాదు" అని పోశంతో అంది. నేను వద్దన్నా వినకుండా పోశం వంగి నన్ను చిన్నపిల్లవాణ్ని ఎత్తినట్టు ఎత్తాడు. పడిపోకుండా అతని మెడ చుట్టూ చేతులు వేశాను. ఆ మెడ వెచ్చగా ఉంది, నరం కొట్టుకుంటోంది. నా ఉత్తరం రెండు రోజుల ముందు చేరి ఉంటే ఈ మెడ ఈ లోకంలో ఉండేది కాదు. ఆ ఆలోచన వచ్చాక చేతులు తీయలేకపోయాను. వాకిట్లో కుర్చీలో దింపబోతే కూడా వదల్లేదు. "ఏడువకు దొరా" అన్నాడు పోశం. అందరి ముందూ ఏడ్చాను నిర్మలా. నడుము విరిగినప్పుడు కూడా అట్లా ఏడవలేదు.

నేను ఇక నడవను. అక్కయ్య నీకు రాయకుండా ఉన్నది నేను ఒట్టు పెట్టించుకోబట్టి. ఈ మాట నేనే చెప్పాలి, చెబుతున్నాను.

లక్ష్మీకాంతం కాగితాలు వాడికి తిరిగి ఇచ్చేయ్. మన సంస్థను నీ పేరుకు మార్చే దరఖాస్తు మీద సంతకం చేసి రాయమల్లుతో పంపుతున్నాను. నీ మీద జాలితో చేసింది కాదు. ఈ పని పెరగాలంటే ఎవరి చేతిలో ఉండాలో నాకు ఇప్పుడు తెలిసింది.

వచ్చి నన్ను తీసుకుపో. లారీలోనైనా వస్తాను. వాగు కనిపించే చోట ఒక మంచం వేయించు. డ్రాయింగులు చూస్తాను, కొలతలు చూస్తాను, చెప్పిన పని చేస్తాను. మనుషులు ఎప్పుడు దిగాలో, ఎప్పుడు ఎక్కాలో నువ్వు చెప్పు. మధ్యలో నేను గొంతు పెంచితే వాగు కనిపించకుండా నా మంచం అటు తిప్పించు.

ఎదురుచూస్తూ,
నీ
జగపతి