ఓబులేసు పేరున ఒక చూడుడు కార్డు

నంద్యాల,
ఆదివారం ఉదయం.

అక్కకు తమ్ముడు రామసుబ్బయ్య మొక్కి రాసుకొనునది.

ఇక్కడ నేను బాగున్నాను. ఐదు నెలలుగా లైబ్రరీ హాజరు పుస్తకంలో ప్రతి పనిదినమూ నా సంతకం ఉన్నది గనుక ఈ విషయమై సందేహానికి తావు లేదు. అక్కడ నీవు, బావ, అంగడి, నీ మోకాలు, పెరట్లో ఎనుము అందరూ కుశలమని తలుస్తాను. కుశలం కాని పక్షంలో ఎవరి సంగతి వారిది విడిగా రాయవలెను. పోయినసారి నీవు ‘అందరం బాగుండాం’ అని ఒకే మాటలో కట్టివేశావు. అందులో మోకాలు చేరినదో లేదో ఇక్కడ తేల్చుకోలేకపోయాను.

ఆళ్లగడ్డ నుండి నంద్యాలకు బస్సులో గంటకు కొంచెం పైన పడుతుంది. అయినా ఊరు విడిచిన వాడు ఇంటికి రాయవలసిన వివరాలు కొన్ని ఉన్నవి గనుక రాస్తున్నాను. తెల్లవారుజామున నల్లమల వైపు నుండి మంచు దిగుతున్నది, తొమ్మిదింటికి ఎత్తిపోతున్నది. దాని రాకపోకలపై నాకు ప్రత్యేకమైన అభిప్రాయం లేదు. పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం సంగటి, రాత్రి అన్నం. మెస్సు నడిపే పుల్లమ్మవ్వ రోజూ ఒకే ప్రశ్న వేస్తుంది: ‘యాంది నాయనా, కోడి గింజలు ఏరుకున్నట్ల తింటాండావ్? వంట బాగలేదా, నీకు బాగలేదా?’ రెండూ బాగున్నవని రోజూ జవాబు ఇస్తున్నాను. నీవు పంపిన కంబళి కప్పుకుంటున్నాను. చింతకాయ తొక్కు సీసా అందినది. మూత దగ్గర నూనె కారి నీ ఉత్తరంలో రెండు పంక్తులు చెరిగిపోయినవి. ఆ రెంటిలో నన్ను తిట్టి ఉంటావని నిర్ధారించుకొని, ఆ తిట్లు అందినట్లే భావించాను.

ఒక్క ఆదివారమైనా ఇంటికి రాలేదేమని మూడు ఉత్తరాలలో అడిగావు. ఆ ప్రశ్న పరిశీలనలో ఉన్నది. బస్టాండులో నీవు నాకు అప్పగించిన పని మాత్రం ఇంకా కాలేదు. ఎందుకు కాలేదో, ఇక ఏ విధంగా కాగలదో చెప్పుటకే ఈ ఉత్తరం.

ఆ రోజు నీవు అన్నమాట నాకు జ్ఞాపకమున్నది. బస్సు కదులుతుంటే కిటికీ ఊచ పట్టుకొని, ‘నువ్వు పోయేది పేర్లు రాసే పనికే కదరా? మన ఓబులేసు పేరొకటి ఆ పెట్టెలో పడెయ్‌. వానిదని చెప్పుకోనీకి ఆ సైకిలు తప్ప ఏం మిగిల్యా?’ అన్నావు. అమ్మ పోయిన నాటి నుండి వానిని పెంచినది నీవు గనుక అడిగే హక్కు నీకున్నది. నేను తల ఊపాను. ఆ పెట్టె సంగతి అప్పటికి నాకూ సరిగా తెలియదు.

ఇప్పుడు తెలిసినది. ఇక్కడి లైబ్రరీకీ, నేను పదహారేండ్లు కూర్చున్న ఆళ్లగడ్డ రీడింగురూముకూ కలిపి ఒక ఉమ్మడి సూచిక తయారవుతున్నది. పత్రికల్లో వచ్చే సేద్యం, వైద్యం, శాసనాల వ్యాసాలు ఒక్కొక్కదానికి ఒక్కొక్క కార్డు. ఒక ప్రతి ఇక్కడి పెట్టెలో, నకలు ఆళ్లగడ్డ పెట్టెలో. ఏ ఊరిలో కార్డు రాసినా నకలును బస్సు కండక్టరు చేతికిచ్చి రెండో ఊరికి పంపుతాము. అక్కడ నా కుర్చీలో ఇప్పుడు మద్దిలేటి కూర్చున్నాడు. మొదటి నెలలో ఒకే వ్యాసానికి అతడొక కార్డు, నేనొక కార్డు రాశాము. అతడు రచయితను డాక్టరు గనుక ‘డ’ సొరుగులో పెట్టాడు, నేను ఇంటిపేరు కింద పెట్టాను. ఆ విధంగా ఒకే పెద్దమనిషి పెట్టెలో రెండు చోట్ల కాపురం పెట్టాడు. దానితో మా లైబ్రేరియను సారు నియమాలు రాయమని నన్ను ఆదేశించారు.

మూడు వారాలు శ్రమించి ఇరవై రెండు నియమాలు రాశాను. సంచిక చేతిలో లేకుండా, జ్ఞాపకం మీద కార్డు రాయరాదు. శీర్షికలో అచ్చుతప్పు ఉంటే తప్పుతో సహా ఎక్కించవలెను. వ్యాసం మధ్యలో తెగి ఎక్కడో వెనుక పేజీలో ముగిస్తే ఆ పేజీ సంఖ్య కూడా వేయవలెను. రాసినవాడు కింద ఎడమమూల పొడి అక్షరాలు పెట్టవలెను. పేరుకు ముందూ వెనుకా ఉండే ‘శ్రీ’, ‘డాక్టరు’, ‘గారు’ తీసివేయవలెను. ఈ చివరిది రాయడానికి ఒక్క నిమిషం పట్టింది, పాటించడానికి వారం పట్టింది. చిన్నప్పుడు నాకు చదువు చెప్పిన అయ్యవారి పేరు గారు లేకుండా కార్డు మీద రాసి, కుర్చీలో నుండి లేచి కాసేపు నిలబడి, మళ్లీ కూర్చున్నాను. నిలబడడం నియమాలలో లేదు.

మూడవ నియమం ఒక్కటి నీకు పూర్తిగా తెలియవలెను: రచయిత పేరు పత్రికలో వ్యాసం పైన ఎట్లా అచ్చయినదో అట్లే రాయవలెను, మరొకటి రాయరాదు.

ఓబులేసు శనగచేలలో పురుగులు లెక్కపెట్టే ఉద్యోగం చేశాడు. అంగడివాళ్ల ఇంట పుట్టి చేలవెంబడి తిరుగుతాడని బావ నవ్వేవాడు. మూడు పంటలకాలాలు కోయిలకుంట్ల నల్లరేగడిలో మోకాళ్ల మీద కూర్చుని, పచ్చపురుగు ఏ వారంలో వచ్చునో, మొదట ఏ ఆకు తినునో నోటుపుస్తకాలలో రాశాడు. అందులో నుండి ఒక వ్యాసం వచ్చినది. పైన పేరు వాని ఆఫీసరుది. అది అప్పటి వాడుక, ఎవరూ తప్పనలేదు. వాడూ అనలేదు. ‘పేరుదేముందిలేన్నా, చేన్లో పురుగు సచ్చిందా లేదా అది చూడు’ అన్నాడు. ఆ వ్యాసం పన్నెండవ పేజీలో మొదలై పదిహేడులో తెగి, చివరి నాలుగు పంక్తులు ముప్పై ఒకటవ పేజీలో ఎరువుల ప్రకటన కింద పడినవి. ఆ నాలుగింటిలో ఆఖరుది: ‘చేలలో తిరిగి పరిశీలనలు రాసిపెట్టిన ఓబులేసుకు కృతజ్ఞతలు.’ అచ్చులో వాని పేరు ఉన్నది అంతే. పోయిన ఎండాకాలం కామెర్లు వచ్చి వాడు పోయాడు. ఇది నీకు తెలియనిది కాదు. వరుస తప్పకుండుటకు రాశాను.

దినాలనాడు చిన్నమ్మ నిన్ను పక్కకు పిలిచి, ‘వీనికి కంట తడే లేదేందే?’ అనడం నేను విన్నాను. ఆమె చెప్పినది వాస్తవమే. మా లైబ్రరీలో రావలసిన సంచిక రాకపోతే ‘అందలేదు’ అని రాసుకొని గడి ఖాళీగా ఉంచుతాము. లేదని రాయము. నా విషయంలో కూడా ప్రస్తుతానికి అంతే రాసుకొనవలెనని చిన్నమ్మకు చెప్పగలవు.

మూడు వారాల కింద కోయిలకుంట్ల వైపు నుండి ఒక రైతు లైబ్రరీకి వచ్చాడు. చేతిలో ఒక శనగ కొమ్మ, కొమ్మ మీద బతికి ఉన్న పురుగు.

‘అప్పా, ఓబులేసు రాసింది యాడుందో తియ్యి’ అన్నాడు.

‘ఏ ఓబులేసు?’ అని అడిగాను.

‘ఏ ఓబులేసేందప్పా! పురుగుల ఓబులేసు. సైకిలేసుకోని మా చేన్లకు వస్తాండె. నేను చెప్పిండేదంతా పుస్తకంలో ఏసినారు, లైబ్రరీలో అడిగితే చూపిస్తారనె. ఈ యేడు ఆ మనిషి అగపడల్యా. పురుగు మాత్రం బేగా వచ్చె.’

నియమం ప్రకారం ‘ఓ’ సొరుగు తెరిచి చూశాను. లేదని తెలిసే చూశాను. లైబ్రేరియను సారు తన బల్ల దగ్గర నుండి, ‘ఆ పేరుతో రాసినోళ్లు ఎవరూ లేరు పెద్దాయనా’ అన్నారు.

‘లేకుంటే మా చేను రెండేండ్లు ఎట్ల నిలబడె సామీ?’

‘అయితే చీటీ రాసిచ్చిపో, ఎతికిపెడతాం.’

‘నాకు రాసేది వచ్చింటే ఈడికి కొమ్మ పట్టుకోని వస్తానా?’

సంచిక నేనే తీసి పద్నాలుగవ పేజీ చదివి వినిపించాను. రైతు మధ్యలోనే నా మోచేయి పట్టుకొని, ‘ఇదే! అచ్చం ఇట్లే చెప్తాండె! పూత రాకముందే చూసుకోవల్ల అంటాండె’ అన్నాడు. తర్వాత బస్సు పోతున్నదని పరుగెత్తాడు. ఆ మనిషి ఎందుకు అగపడలేదో నేను చెప్పలేదు, అతడు అడగలేదు గనుక. కొమ్మ బల్ల మీదనే మిగిలిపోయింది. పురుగును ఏమి చేయవలెనో ఇరవై రెండు నియమాలలో లేనందున దానిని కిటికీ అవతల విడిచాను. ఓబులేసు చూసి ఉంటే నన్ను క్షమించేవాడు కాదు.

ఆ సాయంత్రం నేను ఒక కార్డు టైపు చేశాను. రచయిత: ఓబులేసు. మిగతా వివరాలన్నీ సరిగా ఉన్నవి. కింద నా పొడి అక్షరాలు పెట్టి, అసలు ప్రతిని ‘ఓ’ సొరుగులో ఉంచి, నకలు కండక్టరుకు ఇచ్చాను.

మూడవ రోజున ఆ నకలు పై మూల కత్తిరించబడి తిరిగి వచ్చింది. చెల్లని కార్డుకు మూల కత్తిరించవలెనని రాసినది కూడా నేనే. మద్దిలేటి ఒక కాగితం జతచేశాడు: ‘అన్నా, నువ్వు రాసిన మూడో రూలు నువ్వే తప్పితే నేను ఎవర్ని చూసి నేర్చుకోవల్ల? ఆ పుస్తకం ఈడ కూడా ఉండాది, తెరిచి చూసినా. పైన వేరే పేరుండాది. ఓబులేసన్న నాక్కూడా అన్నే. అయినా తిప్పి పంపిస్తాండా, కోపం చేసుకోవద్దు. అక్క అగపడితే ఏం చెప్పల్లో అది కూడా రాయి.’

ఈ లోపానికి సారు నాకు మెమో ఇవ్వవలసి వచ్చింది. ఇక్కడ టైపు వచ్చినవాడిని నేనొక్కడినే గనుక, నా మెమోను నేనే టైపు చేసి, సంతకానికి పెట్టి, నాకు నేను అందజేసుకొని, అందినట్లు సంతకం చేశాను. ఇక్కడి సొరుగులోని అసలు కార్డును కూడా తీసి మూల కత్తిరించాను. సారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

‘ఎవరయ్యా ఈ ఓబులేసు?’

‘మా తమ్ముడు సార్‌.’

‘యాడుంటాడు?’

‘లేడు సార్‌.’

సారు మెమోను మడిచి, మళ్లీ విప్పారు. ‘ఈ మాట ముందే చెప్పేదానికి నీకేం రోగం? ఇరవై రెండు రూల్సు రాస్తివే, పంతొమ్మిదోది మల్లొకసారి చదువుకున్యావా? చీటీ తెప్పించు. చీటీ ఉంటే నేను కాదంటానా?’

పంతొమ్మిదవది ఇది: వ్యాసం పైన లేని పేరు కింద పాఠకుడెవరైనా వెతికి, దొరకక, ఆ సంగతి స్వహస్తంతో చీటీపై రాసి ఇచ్చినచో, ఆ పేరున ఒక చూడుడు కార్డు వేయవలెను. ఆ కార్డు వ్యాసం వాడు రాశాడని చెప్పదు. ‘ఓబులేసు: చూడుడు’ అని రాసి, కింద ఆఫీసరు పేరూ, వ్యాసం పేరూ, పేజీలు పన్నెండు నుండి పదిహేడు, ముప్పై ఒకటి అని చెబుతుంది. వాని కోసం వచ్చినవాడు ఎక్కడికి పోవలెనో దారి చూపుతుంది. పెట్టెలో అంతకు మించి వానికి చోటు లేదు. అంత చోటు మాత్రం ఉన్నది.

నేను ఉద్యోగిని గనుక చీటీ రాయరాదు. ఆ రైతుకు రాయడం రాదు. నీవు ఐదవ తరగతి చదివావు. పదహారేండ్లు నాకు క్యారియరు తెచ్చి రీడింగురూము మెట్ల మీదనే ఇచ్చి వెళ్లావు. లోపలికి రమ్మంటే, ‘వచ్చి నేనేం చదవల్లరా?’ అనేదానివి. ఇప్పుడు చదవవలసినది ఒకటి ఉన్నది.

కావున ఈ వారంలో ఒకరోజు లోపలికి వెళ్లు. ఓబులేసు పేరున ఏమున్నదని మద్దిలేటిని అడుగు. అతనికి తెలిసినా సొరుగు తెరిచి, కార్డులు తిప్పి, ‘లేదక్కా’ అంటాడు. ఆ మాటకు కోపపడవద్దు, కన్నీళ్లు పెట్టవద్దు. అతడు అనక తప్పదు. మిగతాదంతా ఆ మాట మీదనే నిలిచి ఉన్నది. తర్వాత చీటీ అడుగు. ఖాళీది ఒకటి ఇందులో కూడా పెట్టాను. వెతికిన పేరు అన్నచోట ఓబులేసు అని రాయి. నీ పేరు కింద రాయి. ‘ఎందుకు కావలెను’ అన్న గడి ఉంటుంది. అది ఖాళీగా వదిలినా చీటీ చెల్లుతుంది. ఆ పని అయిన తర్వాత సంచిక తీయించి ముప్పై ఒకటవ పేజీ నీవే చదువు. అక్షరాలు చిన్నవి, బావ కళ్లద్దాలు తీసుకొని పో.

బావకు నమస్కారాలు. చిన్నమ్మకు పైన చెప్పిన జవాబుతో పాటు నా దండాలు. మద్దిలేటికి నా మీద ఏ విధమైన భయమూ అక్కరలేదని, అతడు చేసినది సరియైనదని చెప్పవలెను. తొక్కు ఇంకొక సీసా పంపనక్కరలేదు. కారణం కింద రాశాను.

చీటీని మద్దిలేటి ఇక్కడికి పంపుతాడు. అది నాకు అందిన రోజే కార్డు రాస్తాను. నకలు ఆళ్లగడ్డకు చేరవలెను. దానిని ఎవరు తీసుకుపోవలెనో నియమాలలో లేదు. రాసినవాడిని నేనే అయినా రెండుసార్లు చదివి చూసుకున్నాను. ఆ ఒక్క నకలు కండక్టరు చేతికి ఇవ్వను. ఆ ఆదివారం మొదటి బస్సులో నేనే తెస్తాను. ఆదివారం రీడింగురూము మూసి ఉంటుంది గనుక సోమవారం తలుపు తీసేదాకా కార్డు మన ఇంట్లో ఉండవలసి వస్తుంది. నాకు ఓబులేసు గదిలోనే పక్క వేయి. సైకిలు అడ్డమని బయట పెట్టవద్దు. ఉన్నచోటనే ఉండనీ.

నీ దీవెన కోరుతూ,
తమ్ముడు
రామసుబ్బయ్య